లెక్కకు రాని నేల

పల్లెటూరి బడిలో అల్లరి చేయు బాలుని పంతులుగారు కోపము వచ్చినపుడు "పోరంబోకు వెధవా!" అని మందలించుట విననివారుండరు. పనిపాటలు లేక తిరుగువాడని, ఎవరికిని లెక్కలేనివాడని ఆ తిట్టునకు అర్థము. తిట్టిన పంతులుగారికి గాని, తిట్టు తిన్న పిల్లవానికి గాని ఆ క్షణమున తోచని విషయమొకటి కలదు. వారు నిలిచియున్న బడి ఆవరణ, ఆ బాలుడు ఇంటినుండి నడచివచ్చిన బాట, వాని తల్లి నీరు తెచ్చు చెరువు, సాయంకాలము వాడు చెడుగుడు ఆడు బయలు - వీనిలో పెక్కు ఆ ఊరి భూమి లెక్కలలో 'పోరంబోకు' అనియే వ్రాయబడియుండును.

తిట్టుగా మారకముందు ఇది రెవెన్యూ వారి మాట. తమిళమున 'పుఱమ్' అనగా వెలుపల, 'పోక్కు' అనగా పోవుట. శిస్తు లెక్కకు వెలుపలికి పోయిన భూమి పోరంబోకు. సర్కారునకు పైకము రానందున ఆ నేల లెక్కకు వెలుపలిదైనది. లెక్కకు వెలుపలిదగుటచే విలువలేనిదను భావము కలిగినది. తుదకు ఆ పేరు విలువలేని మనుష్యునకు తిట్టయ్యెను. మాటకు పట్టిన ఈ గతియే నేలకును పట్టినది. శిస్తు రాని భూమి పనికిరానిదని తొలుత పాలకులు తలచిరి; పిమ్మట ఊరివారును అట్లే తలచిరి. ఆ తలపు ఎంత పొరపాటో, ఆ భూమిని గూర్చి నిర్ణయము చేయువారెవరో, ఆ నిర్ణయము న్యాయముగా నుండుటకు ఏమి వలయునో విద్యార్థులును ఉపాధ్యాయులును తెలిసికొనదగియున్నది.

కొలత గొలుసునకు వెలుపల

థామస్ మన్రో 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండెను. 1820లో మద్రాసు గవర్నరైన పిమ్మట రైతువారీ పద్ధతిని రాజధాని యందు స్థిరపరచెను. ఈ పద్ధతిలో జమీందారుని మధ్య నుంచక, ప్రభుత్వము నేరుగా రైతుతోనే శిస్తు ఏర్పరచుకొనును. అందుకై సర్వే ఉద్యోగులు గొలుసు పట్టి చేనుచేనును కొలిచి, నంబరు వేసి, మెట్ట యనియు మాగాణి యనియు విడదీసి, నేల తరమును బట్టి ఎకరమునకింతయని శిస్తు కట్టిరి. ఇట్లు కొలుచుచు పోగా రెండు విధములైన భూమి మిగిలినది. సాగునకు తగినదై యుండియు ఎవరును పట్టా పొందనిది బంజరు. సాగునకు గాక ఊరి ఉమ్మడి అవసరములకై విడువబడినది పోరంబోకు. ఈ రెంటికిని గల భేదమును నేటికిని పెక్కుమంది గుర్తింపరు. బంజరు అనగా ఇంకను ఎవరికిని ఈయని నేల. పోరంబోకు అనగా ముందే అందరికిని ఇచ్చిన నేల.

చెరువు, కుంట, వాగు, కాలువగట్టు, బండ్లబాట, కళ్లము, పశువుల మంద నిలుచు బయలు, తోపు, శ్మశానము - ఇవి యన్నియు పోరంబోకులో చేరును. సీమసీమకు వీనికి పేర్లు కలవు. పొలముల నడుమ కంచెల మధ్య సాగు దారిని కృష్ణా గుంటూరు ప్రాంతములలో డొంక యందురు. గోదావరి ప్రాంతమున పుంత యందురు. నిజాము ఏలుబడిలోని తెలుగు జిల్లాలలో చెరువు మునుగుడు నేలను శిఖమనియు, పశువుల మేతనేలను బంచరాయి యనియు, గైరాను అనియు వ్యవహరించిరి. ఆంధ్ర జిల్లాలలో ఈ వివరములు రీసెట్లుమెంటు రిజిస్టరులో నుండును. అది ఇంగ్లీషు తెలుగు భాషలు రెంటను ముద్రితమైనందున 'డైగ్లాటు' అని పిలువబడుచు వచ్చినది. తెలంగాణమున సేత్వారు, పహాణీలు అట్టివి. కరణము మునసబుల ఉద్యోగములు 1984లో రద్దయ్యెను. వారి చేతివ్రాత పోయినది గాని వారు వ్రాసిన ఆ మాటలు మాత్రము లెక్కలలో నిలిచియున్నవి.

పొలము లేనివాని పొలము

ఉమ్మడి భూమి వలన ఎవరికి లాభమను ప్రశ్నకు పల్లెలోని ఒక దినము సమాధానము చెప్పును. పది ఎకరముల ఆసామి తన పశువులను తన చేనిగట్టున మేపుకొనగలడు. తన ధాన్యమును తన దొడ్డిలో నూర్చుకొనగలడు. తన చేనిలోనే ఒక మూల పెద్దల సమాధులు కట్టుకొనగలడు. సెంటు భూమి లేని కూలివానికి ఇవి యన్నియు పోరంబోకులోనే జరుగవలెను. వాని మేక మేయునది అచ్చటనే, వాని ఇంటి పొయ్యిలోనికి కంప వచ్చునది అచ్చటినుండియే, చాకలి బట్టలుతుకు రేవు అదియే, కుమ్మరికి మన్ను దొరకు చోటు అదియే, తుదకు వాని తల్లిదండ్రులను పూడ్చినదియు అచ్చటనే.

ఈ సంగతిని లెక్కలతో నిరూపించిన శాస్త్రజ్ఞుడు ఎన్. ఎస్. జోధా. హైదరాబాదు చెంత పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థలో పనిచేసిన ఈ ఆర్థికవేత్త, ఆంధ్రప్రదేశముతో కూడ ఏడు రాష్ట్రముల మెట్టసీమలలో 80కి పైగా గ్రామములను పరిశీలించి 1986లో తన ఫలితములను ప్రకటించెను. పేద కుటుంబముల ఆదాయములో 14 మొదలు 23 శాతము వరకు ఉమ్మడి వనరుల నుండి వచ్చుచున్నట్లు ఆయన కనుగొనెను. అంతకంటె ఆలోచింపదగినది మరియొకటి కలదు. 1950ల ఆరంభమునుండి 1980ల ఆరంభమువరకు, సుమారు 30 ఏండ్లలో, ఆ గ్రామముల ఉమ్మడి భూములు 31 మొదలు 55 శాతము వరకు తరిగిపోయెను. అనగా శిస్తు లెక్కలో సున్నయైన నేల పేదవాని ఇంటి లెక్కలో ఆరవ పాలో, అయిదవ పాలో అగుచుండెను. ఆ నేలయే ఒక తరము గడచునంతలో మూడవ వంతు మొదలు సగము వరకు మాయమయ్యెను.

నిర్ణయించువారెవరు?

ఊరి ఉమ్మడి వ్యవహారములను ఊరివారే నడుపుకొనుట దక్షిణదేశమునకు క్రొత్త కాదు. తమిళదేశమున కాంచీపురమునకు సమీపముననున్న ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుని కాలమునాటి, క్రీస్తుశకము పదవ శతాబ్దపు, శాసనములు కలవు. చెరువునకొక సంఘము, తోటలకొక సంఘము, సంవత్సర కార్యములకొక సంఘము ఏర్పడుచుండెను. అర్హుల పేర్లను ఓలలపై వ్రాసి కుండలో వేసి, ఒక బాలునిచేత తీయించుచుండిరి. లెక్కలు అప్పగింపనివాడు మరల ఎన్నికకు అర్హుడు కాడు. ఈ నియమములను చదివినవారికి ఆశ్చర్యము కలుగక మానదు. కాని ఆ శాసనములందే మరియొక నియమమును కలదు. శిస్తు చెల్లించు భూమి పావు వేలికి మించి కలిగి, సొంత స్థలమున ఇల్లు కట్టుకొన్నవానికే ఆ కుండలో పేరు. శిస్తు లెక్కలో నున్నవాడే శిస్తు లెక్కకు రాని చెరువును గూర్చి నిర్ణయించెను. ఆ చెరువు పైననే ఆధారపడిన భూమిలేనివాని పేరు కుండలోనికి పోలేదు.

ఈ లోపమే వేయి సంవత్సరముల పిమ్మట రాజ్యాంగ సభలో వాదమునకు కారణమయ్యెను. 1948 నవంబరు 4న రాజ్యాంగపు చిత్తుప్రతిని సభ ముందుంచుచు డాక్టరు అంబేడ్కరు, గ్రామమును రాజ్యమునకు పునాదిగా గ్రహింపకుండుటను సమర్థించెను. సంకుచిత బుద్ధికిని, అజ్ఞానమునకును, కులభేదములకును పల్లె నెలవైయున్నదని ఆయన అభిప్రాయము. ఊరి వెలుపలి వాడలో పుట్టినవారికి ఊరి పెద్దల తీర్పు ఎట్లుండునో ఎరిగినవాని మాట అది. దానికి పలువురు సభ్యులు నొచ్చుకొనిరి. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులును, ఆచార్య రంగాయును గ్రామముల పక్షమున మాటలాడిరి. మద్రాసు సభ్యుడు కె. సంతానం ప్రతిపాదించిన సవరణను సభ అంగీకరింపగా, గ్రామ పంచాయతీలను ఏర్పరచి వానికి స్వపరిపాలనకు తగిన అధికారముల నీయవలెనను నిర్దేశము 40వ అధికరణముగా రాజ్యాంగమున చేరినది.

ఆ పిమ్మటి చరిత్ర పాఠ్యపుస్తకములలో నున్నదే. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము మూడంచెల వ్యవస్థను సూచించినది. 1959 అక్టోబరు 2న నెహ్రూ రాజస్థానములోని నాగౌరున దానిని ప్రారంభించెను. ఆంధ్రప్రదేశమున ఆ సంవత్సరమే పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడెను. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములకు వేరువేరుగా నుండిన పంచాయతీ చట్టముల స్థానమున 1964లో ఒకే చట్టము వచ్చినది. 1986లో సమితుల స్థానమును మండల ప్రజాపరిషత్తులు గ్రహించెను. 1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానిననుసరించి ఆంధ్రప్రదేశము 1994లో క్రొత్త పంచాయతీరాజ్ చట్టము చేసికొన్నది. విడివడిన తెలంగాణము 2018లో తన చట్టమును చేసికొన్నది.

ఈ 73వ సవరణయందు అంబేడ్కరు భయమునకు కొంత సమాధానము కలదు. షెడ్యూల్డు కులములకు, తెగలకు జనాభా ననుసరించి స్థానములు, స్త్రీలకు మూడవ వంతునకు తక్కువ గాని స్థానములు అది నిర్బంధము చేసినది. ఓటరుల జాబితాలో పేరున్న ప్రతివారును సభ్యులుగా గ్రామసభను రాజ్యాంగసంస్థగా గుర్తించినది. ఉత్తరమేరూరు కుండలోనికి పోని పేర్లన్నియు ఇప్పుడు గ్రామసభలోనికి వచ్చినవి. ఆ సభలో వారి కంఠము వినబడుచున్నదా యనునది వేరు ప్రశ్న.

గట్టు జరుగు విధము

1994 నాటి చట్టము ప్రకారము ఊరి బాటలు, ప్రభుత్వమునకు ప్రత్యేకావసరము లేని మేతబయళ్లు, కళ్లములు, శ్మశానములు, బండిదారులు, తోపులు పంచాయతీ అధీనమునకు వచ్చును. అధీనమనగా యాజమాన్యము కాదు. కాపలాదారుని చేతికి తాళపుచెవి ఇచ్చినట్టిదే గాని ఇల్లు రాసి ఇచ్చినట్టిది కాదు. సర్పంచు తన ఇష్టము వచ్చినట్లు అమ్ముటకు వీలులేదు. తీర్మానము, పై అధికారుల అనుమతి, చట్టము చెప్పిన పద్ధతి ఉండవలెను. మరి ఇన్ని కట్టుబాట్లుండగా ఉమ్మడి నేల ఎట్లు కరగిపోవుచున్నది?

అది ఒక్క దినమున పోదు. అనావృష్టి ఏటిలో కుంట ఎండును. అంచున చేను గలవాడు ఒక సాలు ముందునకు దున్నును. ఎవరును అడుగరు. మరుసటి ఏట రెండు సాళ్లు. తరువాత గట్టు జరుగును, గట్టుమీద కంచె వచ్చును, కంచెలో పశువుల పాక లేచును, పాక ఇల్లగును. ఇంటికి పంచాయతీయే పన్ను వేయును, కరెంటు తీగ వచ్చును. తుదకు ఆ పన్ను రసీదే ఆ స్థలము తనదని చెప్పుటకు సాక్ష్యమగును. కుంటను కాపాడవలసిన పంచాయతీ చేతివ్రాతయే కుంటకు మరణశాసనమగుట ఇందలి వింత.

పంజాబులో పటియాలా జిల్లా రోహర్ జాగీర్ గ్రామమున జరిగినది ఇట్టిదే. ఊరి చెరువు నేలను కొందరు పూడ్చి ఇండ్లు కట్టిరి. వారిని తొలగింపుడని దరఖాస్తు వెళ్లగా, వారు చాల ధనము వెచ్చించిరి గనుక స్థలపు వెల కట్టించుకొని వారికే విడువుడని కలెక్టరు ఉత్తరువు చేసెను. పంచాయతీ ఆ ఉత్తరువుపై అప్పీలు చేయలేదు. పంచాయతీయే ఆక్రమణదారులతో కుమ్మక్కైనదని పై అధికారియైన కమిషనరు గుర్తించి ఆ ఉత్తరువును కొట్టివేసెను. వ్యాజ్యము సుప్రీంకోర్టునకు పోయినది. 2011 జనవరి 28న న్యాయమూర్తులు మార్కండేయ కట్జూ, జ్ఞానసుధా మిశ్రా తీర్పు చెప్పిరి. ఎన్ని ఏండ్లుగా ఆక్రమించియున్నను, ఎంత ధనము పోసి కట్టినను, ఎంతటి పలుకుబడి యున్నను, అది ఆక్రమణను సక్రమము చేయుటకు కారణము కాజాలదనిరి. ఊరి ఉమ్మడి భూములనుండి ఆక్రమణలను తొలగించుటకు పథకములు సిద్ధము చేయవలసినదని అన్ని రాష్ట్రములను ఆదేశించిరి. ఉమ్మడి భూములకు దేశమున గల పలు పేర్లను చెప్పుచు ఆ తీర్పు దక్షిణాదివారి పోరంబోకును గూడ పేర్కొన్నది. తిట్టుగా మిగిలిన మాటకు సర్వోన్నత న్యాయస్థానమున గౌరవము దక్కిన సందర్భమది.

రెండు న్యాయములు

ఆ తీర్పులో ఒక మినహాయింపు కలదు. భూమిలేని కూలీలకు గాని, షెడ్యూల్డు కులములకు, తెగలకు గాని ప్రభుత్వము ఉత్తరువు ద్వారా కౌలుకిచ్చిన సందర్భములలోను, ఆ నేలపై బడి, వైద్యశాల వంటి ప్రజోపయోగ కట్టడము ముందే యున్న చోటను మాత్రమే సక్రమము చేయుటను ఆలోచింపవచ్చునని న్యాయమూర్తులు చెప్పిరి. ఈ మినహాయింపు చిన్నదే యైనను ఊరి పెద్దలకు ఎదురగు అతి కఠినమైన చిక్కు అందులోనే యున్నది.

ఊరికి ఇండ్ల స్థలములు మంజూరైనవనుకొందము. ప్రభుత్వము చేతిలో వేరు భూమి లేదు. మిగిలినది మేతబయలు ఒక్కటే. ఒక గదిలో మూడు సంసారములు చేయు కూలివారు ఆ బయలు తమకు పంచుమని అడుగుదురు. నాలుగు గొర్రెలతో బ్రదుకు గొల్ల కుటుంబములు ఆ బయలు పోయిన తమ జీవనము పోవుననును. ఇరువురును పేదలే, ఇరువురి మాటయు న్యాయమే. ఊరిలో పది ఇరువది ఎకరములు గలవారు ఈ తగవులో ఏ పక్షమునకును చేరక చూచుచుందురు; వారి గట్టులోనికి చేరిన బండిదారిని, చెరువు అంచును ఆ దినమున ఎవరును తలపరు. నక్షా తెచ్చి పరచి, ఆక్రమణలో నున్నది ఎంతయో ముందు తేల్చినచో, ఇండ్లకును మేతకును రెంటికిని చోటు దొరకు ఊళ్లు ఉండవచ్చును. ఆ నక్షా తెమ్మని అడుగువారెవరు? ఆ ప్రశ్న అడుగుటకై ఏర్పడినదే గ్రామసభ.

శ్మశానపు సంగతియు ఇట్టిదే. ఊరిలోని పెద్దకులముల శ్మశానమునకు బాట, నీటివసతి యుండగా, వాడవారి శ్మశానమునకు బాట లేక, శవమును ఇతరుల చేలగట్ల మీదుగా మోసికొనిపోవలసిన గ్రామములు కలవు. పైరు కాలమున ఆసామి అడ్డగించినచో శవముతో గట్టున నిలువవలసివచ్చును. నాలుగు గజముల వెడల్పు బాటకై పంచాయతీ చేయు తీర్మానము కాగితముపై చిన్నది. ఆ గట్టున నిలిచినవానికి అది మనుష్యత్వమునకు సంబంధించినది.

బాట ఎటు పోవలెను?

ఊరికి రోడ్డు వచ్చుట మంచిదని అందరును అందురు. ఏ దారిన వచ్చుననునపుడే అభిప్రాయభేదము. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, మైదానములలో 500 జనాభా గల నివాసములకు, కొండ ప్రాంతములలోను గిరిజన ప్రాంతములలోను 250 జనాభా గలవానికి, అన్ని ఋతువులలో నడువదగిన రోడ్డు వేయ నుద్దేశించినది. ఇంతకు తక్కువ జనాభా గల గూడెములు, తండాలు ఆ లెక్కకు వెలుపల మిగిలినవి. నేలకే గాక జనమునకును లెక్కకు రాని గతి ఇట్లు పట్టుచుండును. అట్టివారికి రోడ్డు వలయునన్న పంచాయతీయే పూనుకొనవలెను. తండా వైపు పోవలసిన కంకర బాట ఒక ఆసామి తోట వైపు మళ్లినచో ఆ తోటలోని మామిడి పండ్లు త్వరగా బజారు చేరును. తండాలోని గర్భిణి ఆస్పత్రి చేరదు. తండాలోని బాలిక ఏడవ తరగతి తరువాత చదువు మానుకొనును.

పనులను ఊరే ఎంచుకొని ఊరే తనిఖీ చేయవలెనను భావమును చట్టములోనికి తెచ్చినది 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగు అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆ పథకమును ప్రారంభించెను. పనుల ఎంపికలో గ్రామసభకు ప్రాధాన్యమిచ్చి, లెక్కలను సభలో చదివి వినిపించు సామాజిక తనిఖీని ఆ చట్టము గ్రామసభకు అప్పగించెను. సంతకము చేయనేరని కూలివాడు తన పేర వ్రాయబడిన దినములను చెవులార విని "ఈ పని నేను చేయలేదు, ఈ కూలి నాకు ముట్టలేదు" అని అందరి యెదుట చెప్పు అవకాశము ఆంధ్రదేశపు పల్లెలలో ఆ తనిఖీల వలన కలిగినది.

త్రాగునీరు, మురుగుకాలువలు, వీధిదీపములు, పారిశుద్ధ్యము - ఇవి పంచాయతీ నిత్యకృత్యములు. వీనికి వలయు ధనములో కొంత ప్రభుత్వ గ్రాంటుగా వచ్చును. కొంత ఇంటిపన్నుగా ఊరే చెల్లింపవలెను. వరంగల్లు చెంత గీసుగొండ మండలములోని గంగదేవిపల్లి పేరు దేశమంతట వినబడుటకు కారణము పెద్ద నిధులు కాదు. త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు, ఇతర కార్యములకు ఊరివారు వేర్వేరు సంఘములుగా ఏర్పడి, పన్ను పూర్తిగా చెల్లించి, పని తామే చూచుకొనుటయే. పన్ను కట్టినవాడు లెక్క అడుగును. లెక్క అడుగువాడున్న చోట పని నిలుచును.

సభకు వచ్చినవారి మాట

గ్రామసభకు నిజమైన బలమున్నదా యని సందేహించువారు ఒడిసా రాష్ట్రములోని నియమగిరి వృత్తాంతమును తెలిసికొనవలెను. ఆ కొండలపై బాక్సైటు త్రవ్వకమును గూర్చి నిర్ణయించునది గ్రామసభలేయని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పినది. రాయగడ, కలహండి జిల్లాలలోని 12 గ్రామసభలు జిల్లా న్యాయాధికారి సమక్షమున సమావేశమయ్యెను. డోంగ్రియా కోందులు మొదలైన ఆ కొండవాసులు ఒకరి పిమ్మట ఒకరు లేచి, ఆ కొండ తమ దైవమనియు తమ నీటికి ఊటయనియు చెప్పిరి. 12 సభలును త్రవ్వకమును నిరాకరించెను. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ అనుమతిని త్రోసిపుచ్చినది. ఎవరి పేరను పట్టా లేని కొండను, పెద్ద చదువులు లేని జనము, సభలో కూర్చుండి నిలుపుకొనిరి.

తెలుగు సీమలలో గ్రామసభకు చట్టమున లోపము లేదు. 1994 నాటి చట్టము ఏటికి కనీసము రెండు మార్లు సభ జరుగవలెనన్నది. తెలంగాణపు 2018 చట్టము రెండు నెలలకొకమారు జరుగవలెనన్నది. లోపమున్నది హాజరులో. చాటింపు వినబడని వేళ వేయించి, పదిమందితో సభ నడిపి, సంతకములు తరువాత ఇంటింటికి తిరిగి చేయించుకొను ఊళ్లున్నవి. ఆడవారు వచ్చినను వెనుక నిలుతురు. వాడవారు వచ్చినను తుదకు మాటలాడుదురు. సర్పంచు పదవి స్త్రీకి దక్కిన చోట ఆమె భర్త కుర్చీలో కూర్చుండుట అరుదు కాదు. చట్టము తెరచిన తలుపును వాడుక మూసివేయుచున్నది.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చె" నని తెలుగువారి సామెత. అందరిదైనది ఎవరిదియు కాదని దాని భావము. ఈ సామెత చెప్పు మాటను ప్రపంచమునందలి పండితులును చాలకాలము నమ్మిరి. అమెరికా దేశపు పండితురాలు ఎలినార్ ఆస్ట్రమ్ పలు దేశములలోని ఉమ్మడి అడవులను, మేతబయళ్లను, నీటి కాలువలను పరిశీలించి, దానిని వాడుకొనువారే నియమములు చేసికొని, తమలో తాము కాపలా పెట్టుకొన్న చోట ఉమ్మడి సొత్తు శతాబ్దముల తరబడి చెడక నిలిచినదని నిరూపించెను. అందుకే 2009లో ఆమెకు అర్థశాస్త్రమున నోబెల్ పురస్కారము లభించినది. ఆ శాస్త్రమున దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే. మన పల్లెలలో నీరటికాడు వంతుల ప్రకారము తూము ఎత్తి చివరి మడికి నీరు పారించిన పద్ధతియు అట్టిదే. గొర్రె చచ్చినది ఉమ్మడిదైనందున కాదు, కాపరి లేనందున.

అట్టి కాపరితనము బడిలోనే నేర్పవచ్చును. సాంఘికశాస్త్రపు గంటలో ఒకనాడు పుస్తకము మూసి, ఊరి నక్షాను సంపాదించి, పంతులుగారు పిల్లలను వెంటబెట్టుకొని పొలిమేర చుట్టి రావచ్చును. నక్షాలో గీత యున్న చోట బాట యున్నదా? చుక్కలు పెట్టిన చోట చెరువున్నదా? శ్మశానము ఎన్ని సెంట్లని వ్రాసిరి, ఎన్ని సెంట్లు మిగిలినది? తేడా కనబడిన చోట ఎవరినో నిందింప పనిలేదు. నోటు పుస్తకములో వ్రాసికొని వచ్చిన చాలును. ఆ లెక్కలు పిల్లలద్వారా ఇండ్లకు చేరును. ఇండ్లనుండి సభకు చేరును. సభలో ఒకరు లేచి "చెరువు నక్షాలో ఇంత యున్నది, ఇప్పుడింతయే యున్నదేమి?" అని అడిగిన దినమున పంచాయతీ తీర్మానముల పుస్తకములో ఆ ప్రశ్న వ్రాయక తప్పదు.

అంతవరకు బడి ఆవరణలో పిల్లవానిని మందలింపవలసివచ్చినపుడు పంతులుగారు వేరొక మాట వెదకికొనుట మంచిది. పోరంబోకు అనగా ఎవరికిని పనికిరానిదని ఆ పిల్లవాడు నేర్చుకొన్నచో, రేపు వాడు పెద్దవాడై కుంట అంచున ఒక సాలు ముందునకు దున్నును.